నూటికి ఎంత?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ వాడకు పోయినా, నూటికి మూడు రూపాయల మిత్తి అంటే ఏందో తెల్వనోళ్లు లేరు. బడి ముఖం చూడని అవ్వ కూడా వేళ్ల మీద లెక్క గట్టి చెప్తది. 15 శాతం రిజర్వేషన్ అంటే నూరు కొలువుల్లో పదిహేను అని ఉద్యమం నేర్పింది. మరి పెద్ద రోగంతో దవాఖానకు పోయినప్పుడు మనకు లెక్క సమజు కాదని ఎవరు తేల్చారు?

డాక్టరు "ఫార్టీ పర్సెంట్ ఛాన్స్" అంటాడు. అదీ రోగికి చెప్పడు, వెంట వచ్చిన కొడుకుకు చెప్తాడు. కొడుకు "లాభం లేదన్నరు" అని తల్లిని ఇంటికి తీసుకొస్తాడు. ఇంకోచోట "గ్యారంటీ" అంటారు, ఉన్న అరెకరం అమ్ముతాం. రెండు తీర్ల మునిగేది మనమే.

నూటికి నలభై అంటే, అసొంటి రోగమే వచ్చిన నూరు మందిలో నలభై మంది ఫలానా కాలం బతికారని. మనం ఆ నలభైలో ఉంటమో, అరవైలో ఉంటమో ఆ అంకె చెప్పదు.

క్షయనే చూడండి. మందు పడకపోతే నూటికి సుమారు యాభై మంది చనిపోతారు. సరైన మందులు పూర్తిగా వాడితే సుమారు ఎనభై అయిదు మంది బాగవుతారు. రోగం అదే, అంకె మారింది. ఆ మందులు సర్కారు దవాఖానలో ఉచితం. అంకెను నుదుటి రాత అనుకొని మందు మానేస్తే ప్రాణం పోతది.

అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్‌కు 1982లో అరుదైన కేన్సర్ వచ్చింది. ఆ రోగానికి పుస్తకాల్లో ఉన్న లెక్క ఎనిమిది నెలలు. సగం మంది ఆలోపు పోయారని, మిగతా సగం అంతకన్నా ఎక్కువ బతికారని దాని అర్థం. ఆ సంగతి ఆయన చదివి తెలుసుకున్నాడు. ఇరవై ఏళ్లు బతికాడు. అందరికీ అట్లనే అయితదని కాదు. ఆయనకు చదువుంది, మంచి వైద్యం దొరికింది. మన కూలి తల్లికి ఆ లెక్క విడమరిచి చెప్పేదెవరు?

రోగికి తెలిసిన భాషలో, అర్థమయ్యే తీరులో చెప్పాలని 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. అది డాక్టరు దయ కాదు, మన హక్కు.

అన్నలారా, అక్కలారా! దవాఖానకు రోగిని ఒంటరిగా పంపకండి. సంఘం నుంచి ఒకరు వెంట పోవాలి. మూడు ప్రశ్నలు అడగాలి: నూరు మందిలో ఎంతమంది? ఎంత కాలానికి? వైద్యం చేయిస్తే ఎంత, చేయించకుంటే ఎంత? జవాబు తెలుగులో కాగితం మీద రాయించుకోవాలి. ఆ లెక్క వినాలా వద్దా అన్నది రోగే చెప్పాలి.

మిత్తి లెక్కలో పైసా తప్పినా షావుకారిని నిలదీస్తం. ప్రాణం లెక్క అడగడానికి భయమెందుకు?

జై భీమ్!