చెల్లెలినీ చూపించమనండి

ముక్కు పక్కన మానని పుండుతో పదేళ్లయినా నిండని పిల్లవాణ్ని చర్మవైద్యుడి దగ్గరికి తీసుకొస్తారు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలుతుంది. ముఖమంతా మిరియాల పొడి చల్లినట్టున్న మచ్చలు, వెలుతురులో కళ్లు తెరవలేకపోవడం చూస్తే అసలు జబ్బు కూడా బయటపడుతుంది: గ్జీరోడెర్మా పిగ్మెంటోసం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల డీఎన్‌ఏను రోజూ దెబ్బతీస్తూనే ఉంటాయి. మన కణాలు దాన్ని బాగుచేసుకుంటాయి. ఈ పిల్లల కణాలకు ఆ శక్తి పుట్టుకతోనే కొరవడుతుంది. అందుకే ఇరవై ఏళ్లలోపు వీరికి చర్మక్యాన్సర్ ముప్పు ఇతరులకన్నా వేల రెట్లు ఎక్కువ. అందరి దృష్టీ ఆ పుండు మీదే ఉన్నప్పుడు, ఇంటి దగ్గర ఎండలో ఆడుకుంటున్న రెండేళ్ల చెల్లెలి సంగతేమిటని ఎవరో ఒకరు అడగాలి.

లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా అందితేనే ఈ జబ్బు వస్తుంది. ఒక బిడ్డకు వచ్చిందంటే, పైకి ఏమీ కనిపించకపోయినా తల్లిదండ్రులిద్దరిలోనూ అది ఉన్నట్టే. ఇక ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. దంపతులు దగ్గరి బంధువులైతే ఇద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు పావు వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్య జరిగినవేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మేనరికం చేసుకున్న ప్రతి ఇంటికీ ఈ జబ్బు రాదు, ఇది చాలా అరుదైనదే. కానీ ఒకసారి బయటపడిన కుటుంబంలో ‘అరుదు’ అన్న మాటకు అర్థం లేదు. లక్షణాల్లేని జనమందరికీ చర్మపరీక్షలు చేయాలనడానికి ఆధారాలు చాలవని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2023లో అన్నది నిజమే. అది ఊరందరి గురించి. ఇక్కడ అడుగుతున్నది ఒక్క ఇంటి గురించి.

నయం చేసే మందు లేనప్పుడు ముందే తెలిసి ఏం లాభమంటారు. లాభమంతా అందులోనే ఉంది. క్యాన్సర్‌ను రప్పించేది ఎండ. దాన్ని ఆపడానికి నిండా కప్పే బట్టలు, కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, కిటికీ అద్దాలకు యూవీ ఫిల్మ్, కొన్ని నెలలకోసారి చర్మానికీ కళ్లకూ పరీక్ష కావాలి. ఇవి మొదటి పుండు రాకముందు మొదలుపెడితేనే ఫలితం. ఖర్చంటారా, తొలి పరీక్షకు పగటి వెలుగు, తెలిసిన కన్ను చాలు. ‘ఆడపిల్ల పెళ్లి చెడుతుంది’ అన్న భయం మాత్రం తీసిపారేయదగ్గది కాదు. అయితే జబ్బు లేని తోబుట్టువు కూడా ఆ జన్యువును మోస్తూ ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. గుట్టుగా ఉంచి ఆ పిల్లను మళ్లీ మేనబావకే ఇస్తే, దాచిన జబ్బు మనవడి ముఖం మీద మచ్చలై తేలవచ్చు. పెళ్లీడు వచ్చాక ఇద్దరికీ జన్యుపరీక్ష చేయిస్తే సంగతి ముందే తెలుస్తుంది.

పుండు తీసేసి పిల్లవాణ్ని ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద ‘తోబుట్టువులను తీసుకురండి’ అని ఒక్క ముక్క రాయడానికి జీవో అక్కర్లేదు.