సమాచార భాండారములు - వాటాదారుల వివేచన

బ్యాంకుల ఖాతాలును, ఆసుపత్రుల రికార్డులును, ప్రభుత్వ శాఖల దస్తరములును నేడు కాగితములపై గాక యంత్రములలో నిలువయగుచున్నవి. ఈ నిలువ సామగ్రిని గొప్ప సంస్థలకు విక్రయించు కంపెనీలు అమెరికాలో కొన్ని గలవు. రిజర్వు బ్యాంకు పథకము ననుసరించి మనదేశీయుడు ఆర్థిక సంవత్సరమునకు 2,50,000 డాలర్ల వఱకు విదేశములకు పంపవచ్చును గనుక వాని వాటాలు మన మధ్యతరగతి గృహములకును అందుబాటులోనికి వచ్చినవి. అంతకంటె ముఖ్యముగా, అమెరికాలో నీ పరిశ్రమయందు పనిచేయు తెలుగువారిలో పలువురు వేతనమున కొంత భాగమును వాటాల రూపముననే పొందుచున్నారు. కావున ఏ కంపెనీ యంత్రము మేలైనదను ప్రశ్నను, ఏ కంపెనీ వాటా మేలైనదను ప్రశ్నను వేరుచేసి విచారించుట యావశ్యకము.

పూర్వానుభవము నేర్పునది స్వల్పము కాదు. 1979లో స్థాపితమైన ఇ.ఎం.సి. కంపెనీ 2000 సంవత్సరమున ఈ రంగమునకు మకుటాయమానముగ నుండెను. నాటి ఆదాయము 887 కోట్ల డాలర్లు. వాటా ధర 100 డాలర్లను దాటెను. మఱుసటి యేట ఆదాయము 709 కోట్లకు దిగి, లాభము నష్టముగ మాఱెను. 2002లో వాటా 5 డాలర్లకంటె దిగువకు పడెను. యంత్రములు చెడలేదు, కొనువారు చేయి ముడుచుకొనిరి, పోటీదారులు ధరలు తగ్గించిరి. ఉత్తమ వస్తువు నమ్ము కంపెనీని అత్యధిక మూల్యమునకు కొన్నవాడు నష్టపోవుటకు ఇంతకు మించిన నిదర్శన మేల?

ఇక విలీనముల కథ. 2009లో డేటా డొమైన్ కొఱకు నెట్‌యాప్ 150 కోట్ల డాలర్లతో బేరమారంభింపగా, ఇ.ఎం.సి. 210 కోట్లకు దానిని కొనిపోయెను. 2010లో త్రీపార్ కొఱకు డెల్ వాటాకు 18 డాలర్లీయ జూపగా, హెచ్.పి. 33 డాలర్ల వఱకు ఎగబ్రాకి దక్కించుకొనెను. ఇట్టి వేలములలో తక్షణ లాభము అమ్ముడుపోయిన కంపెనీ వాటాదారులది, భారము గెలిచినవారిది. 2016లో ఇ.ఎం.సి.యే సుమారు 6,700 కోట్ల డాలర్లకు డెల్ వశమయ్యెను. ఐనను ఆ మూల్యమున గణనీయ భాగము నిలువ యంత్రములది కాదు, 2004లో ఇ.ఎం.సి. సుమారు 63 కోట్లకు కొన్న వి.ఎం.వేర్ అను సాఫ్ట్‌వేర్ సంస్థది.

ఇప్పటి తారతమ్యమునకు వత్తము. డెల్ వాటా కొన్నవాడు నిలువ వ్యాపారమును కొన్నవాడు కాడు. ఆ కంపెనీ 2025 ఆర్థిక సంవత్సరపు ఆదాయములో దాని భాగము ఇంచుమించు ఆఱవ వంతు మాత్రమే. అసలు పోలిక నెట్‌యాప్, ప్యూర్ స్టోరేజిల నడుమనే. 2025 ఆర్థిక సంవత్సరమున నెట్‌యాప్ ఆదాయము 657 కోట్ల డాలర్లు, వృద్ధి నూటి కైదు, లాభము సుమారు 119 కోట్లు. 2013 నుండి డివిడెండు నిచ్చుచున్నది. 2009లో పుట్టిన ప్యూర్ ఆదాయము 317 కోట్లు, వృద్ధి నూటికి పండ్రెండు, లాభము సుమారు 11 కోట్లు. ఐనను 2025 మధ్యకాలమున విపణి యీ రెండు కంపెనీలకును సమీపమైన విలువలనే కట్టినది! ప్యూర్ అదే వేగమున ఆఱేండ్లు పెరిగినను, నెట్‌యాప్ అప్పటికే సాధించిన ఆదాయమును ముట్టజాలదు.

ప్యూర్ పక్షమున చెప్పదగిన దున్నది. తిరుగు పళ్లెములను విడిచి ఫ్లాష్ చిప్పులపైననే యది యాధారపడినది. పెద్ద క్లౌడ్ సంస్థ యొకటి తన సాంకేతికమును స్వీకరించినదని 2024 డిసెంబరులో ప్రకటించినది. నగదు రాబడి లాభముకంటె ఎక్కువయనియు వాదింతురు. కాని యందుకు ముఖ్యహేతువు ఉద్యోగులకు వేతనముగ వాటాలిచ్చుటయే. ఆ వాటాల మొత్తము కంపెనీ లాభమును మించినది. దాని భారము పాత వాటాదారులదే కదా!

2006లో అమెజాన్ అద్దె నిలువను ప్రారంభించినది మొదలు ఈ యంత్రకారు లందఱికిని అదియే ప్రధాన ప్రత్యర్థి. నెట్‌యాప్ తన సాఫ్ట్‌వేర్‌ను అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ శాలలలోనే యమ్ముచు ప్రత్యర్థిని బేరగానిగ మార్చుకొనినది. ఇది వివేకమేగాని, పరాధీనత కూడ.

మా యభిప్రాయము స్పష్టము. వృద్ధిని కోరువాడు ప్యూర్‌ను కొనవచ్చును, కాని ఎన్నేండ్ల వృద్ధికి ముందుగనే మూల్యము చెల్లించుచున్నాడో లెక్కగట్టవలెను. నిలకడను కోరువానికి నెట్‌యాప్ మేలు. ఈ కంపెనీలలో ఉద్యోగము చేయువారి విషయము మాత్రము వేఱు. 2001లోవలె గిరాకి కుంటువడినచో ఉద్యోగమును, వాటా విలువయు నొక్కమాఱే పోవును. జీతమిచ్చు చేతిలోనే పొదుపునంతయు నుంచుట తగదు. చేతికందిన వాటాలలో కొంతభాగమునైనను ఎప్పటికప్పుడు విక్రయించి వేఱుచోట నిలుపుకొనుట వారి కుటుంబములకు క్షేమము.