నంబరు కాదు, లెక్క నేర్చుకుందాం

అన్నలూ, తమ్ముళ్లూ, మొన్న నేవన్‌లో ఒక ఇంటి తోటలో చెట్టు చుట్టూ ఆరు మూలల చెక్క బెంచి చేశాం. ఎవరో "ముప్పైకి కాస్త తక్కువ పెట్టండి" అన్నారు. 29 పెట్టి అన్నీ కోసేశాం. బిగించేసరికి ఆఖరి జాయింటు నోరు తెరిచింది. అందరం రంపాన్ని తిట్టాం. తప్పు రంపంది కాదు, మాది.

ఇది పదో తరగతి లోపు లెక్కే. బెంచి చుట్టూ ఒక రౌండు నడవండి. ప్రతి మూలలో కొంచెం తిరుగుతాం. బయల్దేరిన చోటికి వచ్చేసరికి మొత్తం 360 డిగ్రీలు తిరిగినట్టు. అదే బాహ్యకోణాల మొత్తం. ఆరు సమాన మూలలైతే ఒక్కోటి 60. దాన్ని 180లోంచి తీసేస్తే లోపలి కోణం 120.

మనం పొరబడేది ఇక్కడే. 120లో సగం 60 అని రంపం స్కేలు మీద వెతుకుతాం. కానీ స్కేలు మీద సున్నా అంటే అడ్డంగా తిన్నటి కోత. అందుకే బాహ్యకోణంలో సగం, అంటే 30 పెట్టాలి. ఎనిమిది మూలలకి 22.5. ఒక్కో కోతకి ఒక్క డిగ్రీ తప్పితే 12 కోతలకి 12 డిగ్రీల సందు. మాకు వచ్చింది అదే.

అడగడం నామోషీ కాదు. కానీ నంబరు ఒక్కటే అడిగితే రేపు ఇంకో ఆకారానికి మళ్లీ అడగాలి, హెల్పరుగానే ఉండిపోవాలి. ఎందుకో కూడా అడుగుదాం. లెక్క తెలిసిన చేతికే టేపు ఇస్తారు.