బంగారానికి తగలకూడదు, మొహానికి రాయొచ్చు!

‘మీరు ఎస్సీల్లా కనిపించరే!’ కాస్త రంగున్న దళిత విద్యార్థులకు యూనివర్సిటీలో తరచూ దక్కే మెచ్చుకోలు ఇది. అన్నవాళ్లు నిజంగానే మెచ్చుకున్నామనుకుంటారు. ఈ మాటను తిరగేసి చూడండి, నల్లగా ఉన్న అమ్మాయికి ఏం చెబుతున్నారో తెలుస్తుంది. మా హాస్టల్లో అలాంటి మాటలు పడీ పడీ విసిగిన ఒక చెల్లెలు ఫ్యాన్సీ షాపు నుంచి చిన్న క్రీము డబ్బా తెచ్చుకుంది. దాని మీద తయారీదారు చిరునామా లేదు, బ్యాచ్ నంబరు లేదు. హెచ్చరిక మాత్రం ఉంది: బంగారు, వెండి నగలకు తగలనివ్వొద్దు. ఉంగరానికి పనికిరానిది మొహానికి ఎలా పనికొస్తుందని ఆరోజు నవ్వుకున్నాం. ఆ హెచ్చరిక క్రీములో పాదరసం ఉండొచ్చనడానికి ఒక గుర్తు అని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. పాదరసం బంగారాన్ని, వెండిని పట్టేస్తుంది.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కావాలంటే ఒక ఎంజైము పనిచేయాలి. పాదరసపు లవణాలు దాన్ని అడ్డుకుంటాయి. అందుకే ఈ క్రీములు ‘పనిచేస్తాయి’. కొన్ని వారాల్లోనే మొహం తేటపడుతుంది, పక్కింటావిడ పేరు అడుగుతుంది, అమ్మకం పెరుగుతుంది. అయితే పాదరసం చర్మం దగ్గర ఆగిపోదు, లోపలికి ఇంకి మూత్రపిండాల్లో పేరుకుంటుంది. మూత్రంలో ప్రొటీను పోతుంది, నురగ కనిపిస్తుంది, కాళ్లూ మొహమూ ఉబ్బుతాయి. తువ్వాలు, దిండు గలీబుల ద్వారా, ఆవిరి ద్వారా ఇంట్లో పిల్లలకూ చేరుతుంది. గర్భంలోని బిడ్డకు ప్రమాదం మరింత ఎక్కువ.

కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో వైద్యులు దీన్ని కళ్లారా చూశారు. 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా తమ దగ్గరికొచ్చిన మెంబ్రేనస్ నెఫ్రోపతి కేసులు 22 పరిశీలిస్తే, వాటిలో 15 కేసులు నెల్-1 అనే అరుదైన రకం. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లే. క్రీము మానేశాక చాలామంది కోలుకున్నారు. కేరళ ఔషధ నియంత్రణ శాఖ 2023లో ‘ఆపరేషన్ సౌందర్య’ పేరుతో దాడులు చేసింది. ఇక్కడ ఒక మాట: డాక్టరు ‘ఏ మందులు వాడుతున్నావమ్మా’ అని అడిగితే మొహానికి రాసే క్రీము ఎవరికి గుర్తొస్తుంది? అడిగే డాక్టరూ అరుదే. ఇలా బయటపడకుండా పోయే కేసులు తక్కువేం ఉండవు.

మరి చట్టం లేదా అంటే ఉంది. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం కంటి చుట్టూ వాడేవాటిలో పాదరసం 70 పీపీఎం, మిగతావాటిలో అనుకోకుండా కలిసేది 1 పీపీఎం దాటకూడదు. పీపీఎం అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు. పాదరసంపై మినమటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. ఆ ఒప్పంద సభ్యదేశాలు 2023లో ఇంకో అడుగు ముందుకేసి, ఆ 1 పీపీఎం వెసులుబాటును కూడా తీసేసి, పాదరసం కలిపిన కాస్మెటిక్స్ అన్నిటికీ 2025ను గడువుగా పెట్టాయి. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2014లో పరీక్షించిన 32 ఫెయిర్‌నెస్ క్రీముల్లో 14 పాదరసం ఉన్నవే. అందులో అత్యధికం 1.97 పీపీఎం. పేరూ ఊరూ లేని డబ్బాల లెక్క వేరు. జీరో మెర్క్యురీ వర్కింగ్ గ్రూప్ 2019లో 12 దేశాల్లో కొన్న 158 ఉత్పత్తుల్లో 96 హద్దు దాటాయి. కొన్నిట్లో లక్ష పీపీఎం పైనే ఉంది.

చిక్కంతా నిఘాలోనే ఉంది. కాస్మెటిక్స్ తయారీకి లైసెన్సు కావాలి, దిగుమతికి రిజిస్ట్రేషన్ కావాలి. అమ్మడానికి మాత్రం మందుల షాపుకు ఉన్నట్టు డ్రగ్ లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి సంతలో గంప పెట్టుకున్నవాళ్లు, ఆన్‌లైన్‌లో పొట్లాలు పంపేవాళ్లు ఇన్‌స్పెక్టరు జాబితాలో ఉండరు. పెద్ద మాల్లో కొనేవాళ్లకు బ్రాండైనా జవాబుదారీగా ఉంటుంది. యాభై రూపాయల డబ్బా కొనే కూలిమనిషికి రసీదు కూడా ఉండదు, రేపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలన్నా చేతిలో ఏముంటుంది?

పాదరసం ఒక్కటే కాదు, సీసం కూడా ఉంది. 2017లో అమెరికా పరిశోధకులు న్యూజెర్సీలోనూ ఇండియాలోనూ కొన్న 118 సిందూరం నమూనాలు పరీక్షిస్తే, దాదాపు 80 శాతంలో గ్రాముకు కనీసం 1 మైక్రోగ్రాము సీసం కనిపించింది.

నలుపు ఒక కులానిది కాదు, అన్ని కులాల్లోనూ నల్లనివాళ్లున్నారు. నలుపును కించపరిచే హక్కు మాత్రం అందరికీ సమానంగా లేదు. పెళ్లి ప్రకటనలో కులం పక్కనే ‘తెల్లగా’ అన్న మాట కూర్చోవడం యాదృచ్ఛికమా? ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది, ఆశ పెట్టే తీరు మారిందా? నల్లగా ఉన్నవాళ్లను తక్కువ చేసి చూపొద్దని 2014లోనే ప్రకటనల ప్రమాణాల మండలి మార్గదర్శకాలిచ్చింది. చర్మం తెల్లబడుతుందనే ప్రచారాన్ని నేరం చేస్తూ మ్యాజిక్ రెమెడీస్ చట్టానికి 2020లో ముసాయిదా సవరణ కూడా వచ్చింది. అది ముసాయిదాగానే మిగిలింది. ‘అమ్మాయిలకు అవగాహన కల్పించాలి’ అనే సెమినార్లతో నాకు పేచీ ఇక్కడే. ఆ అమ్మాయికి లేనిది అవగాహన కాదు. నల్లగా ఉంటే కట్నం ఎంత పెరుగుతుందో, రిసెప్షన్ ఉద్యోగం ఎవరికిస్తారో ఆమెకు మనకన్నా బాగా తెలుసు.

విద్యార్థి సంఘాలు చేయగలిగిన పని ఒకటుంది. 1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, తాను కొన్న కాస్మెటిక్‌ను ఎవరైనా, గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘమైనా, రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు, సంతకంతో నివేదిక తీసుకోవచ్చు. హాస్టళ్లలో వాడుతున్న డబ్బాలు పది పోగేసి పంపిస్తే చాలు, ఆ కాగితాలు పట్టుకుని ఔషధ నియంత్రణ కార్యాలయానికి వెళ్లొచ్చు. మేం ఈ నెలలో మొదలుపెడుతున్నాం. మొదటి డబ్బా ఆ చెల్లెలే ఇచ్చింది, సగం వాడేసినది.