కౌన్సెలర్ గది దాకా మన పిల్లలు వెళ్ళేదెలా?

2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన ఇళ్ళలో ఎక్కువమంది దృష్టికి వచ్చినట్టు లేదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు చేరిన ఒక అమ్మాయి మరణంపై తండ్రి వేసిన కేసు అది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలనీ, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలనీ కోర్టు ఆదేశించింది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క.

బోర్డు పెడతారు, సరే. ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా నోటీసులు అంటించిన చేతులు మావి. అంటించిన కాగితం ఎంతమంది చదువుతారో మాకు తెలుసు.

అసలు అడ్డంకి ఇంట్లోనే ఉంది. తరాలుగా బెంగళూరులో ఉంటున్న మనకు నిమ్హాన్స్ ఇప్పటికీ ఎగతాళి మాటే. ఎవరైనా తిక్కగా మాట్లాడితే "నిమ్హాన్స్‌లో చేర్చాలి" అంటాం, అదీ పిల్లల ఎదుటే. రేపు వాళ్ళకు రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే మనతో ఏ ధైర్యంతో చెబుతారు? మా సంఘ సభ్యులొకరి అబ్బాయి, ఇంజనీరింగ్ మూడో ఏడు, ఆరు వారాలు కౌన్సెలర్ దగ్గరికి వెళ్తూ ఇంట్లో లైబ్రరీకని చెప్పాడు. సంగతి తెలిశాక తల్లి అడిగిన మొదటి మాట, "ఎవరైనా చూశారా?" ఆమెను తప్పుపట్టలేం. ఇంట్లో పెళ్ళికెదిగిన కూతురుంది. కానీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇక భాష. మన పిల్లలు బయట కన్నడం, ఇంగ్లీషు బాగానే మాట్లాడతారు. కడుపులో బాధ మాత్రం అమ్మతో మాట్లాడే తెలుగులోనే వస్తుంది. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అందుకు పనికొస్తుంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగు ఎంచుకోవచ్చు. దేశమంతటా ఈ సేవను నడిపించడంలో ముఖ్య కేంద్రం, మనం ఎగతాళి చేసే ఆ నిమ్హాన్సే!

పిల్లలు చనిపోతానన్న మాట అంటే మాత్రం ఫోనుతో ఆగకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఈసారి సభ్యత్వ రసీదుల వెనుక 14416 అచ్చు వేయిస్తున్నాం. కాలేజీలో పిల్లలున్నవారు అక్కడ కౌన్సెలర్ ఉన్నారా, ఏ భాషలో మాట్లాడతారు అని కనుక్కుని మాకు తెలియజేస్తే, లేనిచోట ప్రిన్సిపాల్‌కు సంఘం తరఫున ఉత్తరం రాస్తాం.