స్టైపెండు ఇయ్యనోడు సేవ గురించి చెప్పొద్దు

స్వచ్ఛంద సంస్థలు కాలేజీ పిల్లల్ని ఫెలోలు అనే పేరుతో పెట్టుకుంటున్నయి. కొన్ని నెలలో, ఏడాదో బస్తీలో తిరగాలి, సర్వే చేయాలి, పిల్లలకు పాఠాలు చెప్పాలి, రిపోర్టు రాయాలి. దానికి నెలకింత స్టైపెండు. ఈ మాట వినంగనే మన కార్యకర్తల్లో కొందరు మొహం చిట్లిస్తున్నరు. ఉద్యమానికి జీతమేంది, పైసలు తీసుకున్నోడు రేపు మన మాట వింటడా అని వాళ్ల ప్రశ్న. మేము వాళ్లతో ఏకీభవించడం లేదు.

ఉత్తగ పనిచేయగలిగేది ఎవరు? ఇంటి కిరాయి తండ్రి కట్టేటోడు, పొద్దుగూకితే ఇంట్ల అన్నం దొరికేటోడు. మన పిల్లగాడు నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం దిక్కునుండి బస్సెక్కి ఎల్బీనగర్ చౌరస్తాల దిగుతడు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, గడ్డిఅన్నారం గల్లీల్లో ఒక్క రూములో నలుగురైదుగురు ఉంటరు. పొద్దంత కాలేజీ, రాత్రి ఫంక్షన్ హాలులో కేటరింగు, లేకుంటే స్విగ్గీ బండి, జొమాటో బండి. స్కాలర్‌షిప్పు వస్తదని నమ్మి అప్పు చేసినోడు. 2025 నవంబరులో ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టినయి. కాలేజోడు బంద్ పెడతడు, పిల్లగాడు ఏం పెట్టాలె? అసొంటోన్ని పిలిచి ‘సేవ చెయ్, సర్టిఫికెట్ ఇస్తం’ అంటే రాత్రి కూలి వదులుకొని రమ్మన్నట్టే. వాడు రాడు. వచ్చేటోడు ఎవరో, వచ్చి మన బస్తీ గురించి ఏం రాస్తడో మనకు తెలుసు.

పేరున్న ఫెలోషిప్‌లు చూడండి. గాంధీ ఫెలోషిప్ 2008లో, టీచ్ ఫర్ ఇండియా 2009లో మొదలైనయి. రెండూ డిగ్రీ అయినోళ్లకే, రెండేండ్లు పూర్తికాలం పని. 2024లో కేంద్ర ప్రభుత్వం పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ పథకం పెట్టి నెలకు 5000 అన్నది. అందులోనూ కాలేజీలో రెగ్యులర్‌గా చదివేటోళ్లకు చోటు పెట్టలేదు. అంటే చదువు మధ్యలో పైసలు అవసరమైన పిల్లగానికి ఏదీ అందదు. అమెరికాలో 1964 నుండి వర్క్ స్టడీ అని ఒక పద్ధతి ఉంది. చదువుకుంటనే పనిచేసే పేద విద్యార్థికి సర్కారు కాలేజీ ద్వారా కూలి ఇస్తది. చట్టం చెప్పిన కనీస కూలికి తగ్గడానికి లేదు. కాలేజీలు ఆ డబ్బుల్లో కనీసం 7 శాతం సమాజసేవ పనులకే పెట్టాలె. అమెరికా ధర్మాత్ముల దేశమని మేము చెప్పడం లేదు. సేవకు కూలి ఇస్తే సేవ మైలపడదని మాత్రం చెప్తున్నం.

అసలు కొట్లాట స్టైపెండు దగ్గర ఆగదు. అది ఎవరికిస్తరు, ఎవరు ఎంచుతరు అన్నది 1932 నుండి నడుస్తున్న పంచాయితీ. పూనా ఒడంబడిక అయినంక గాంధీ మనుషులు అంటరానితనం నిర్మూలనకు ఒక సంఘం పెట్టినరు, అదే తర్వాత హరిజన సేవక్ సంఘం అయింది. అధ్యక్షుడు ఘనశ్యామదాస్ బిర్లా, కార్యదర్శి ఠక్కర్. ఆ ఏడు నవంబరులో లండన్ పోతూ ఓడలోనుంచి బాబాసాహెబ్ ఠక్కర్‌కు ఉత్తరం రాశారు. ఊరూరా బావి దగ్గర, బడి దగ్గర మన హక్కుల కోసం నిలబడాలన్నారు. దానికి పెట్టే పనివాళ్లను అణగారిన కులాలనుండే తీసుకోవాలన్నారు. మనలోనూ దొంగలుంటరని ఆయనే ఒప్పుకున్నారు. అయినా ఇది తనదనుకొని చేసేటోడు వేరు, జీతానికి వచ్చిపోయేటోడు వేరన్నారు. ఆ ఉత్తరానికి అందిందన్న జవాబు కూడా రాలేదు. కార్యవర్గంలో మాకు చోటియ్యండని మనోళ్లు పోయి అడిగితే, ఇది సవర్ణుల ప్రాయశ్చిత్తం, మీరు సలహాలు చెప్పండి చాలన్నడు గాంధీ. ప్రాయశ్చిత్తం వాళ్లది, బస్తీ మాత్రం మనది!

ఇయ్యాల్టి సంస్థలు గాంధీ పేరు చెప్పవు. సొంత ల్యాప్‌టాప్ ఉండాలె, బండి ఉండాలె, ఇంగ్లీషులో ఇంటర్వ్యూ ఇయ్యాలె అంటయి. బస్తీలో ఇంగ్లీషు ఎవరు మాట్లాడుతరు? రిపోర్టు చదివే దొర మాట్లాడుతడు. 1961 అప్రెంటిస్ చట్టంలో ఎస్సీ, ఎస్టీలకు సీట్లు కేటాయించాలని రాసి ఉంది. ఫెలో అని పేరు మార్చంగనే ఆ మాట మాయం.

దిల్‌సుఖ్‌నగర్ నుండి కోఠీ పోయే తొవ్వల్నే ఇసామియా బజారు. అక్కడ 1910లో మన పిల్లలకు బడి పెట్టింది భాగ్యరెడ్డి వర్మ. ఆయన బయటినుండి వచ్చి సర్వే చేసి పోయినోడు కాదు, మాలవాడలో పుట్టినోడు.

డబ్బుల్లేవనే సాకు ఒకటుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలె. ఆ నిధులకోసం సంస్థలు తిరుగుతనే ఉన్నయి. విదేశీ నిధుల చట్టాన్ని 2020లో సవరించి ఆఫీసు ఖర్చులను 50 నుండి 20 శాతానికి తగ్గించినరు, దాంతో కొన్ని సంస్థలకు నిజంగనే ఇబ్బంది అయింది, కాదనం. కానీ కోత మొదట ఫెలో స్టైపెండు మీదనే ఎందుకు పడాలె? డైరెక్టరు కారు మీద ఎందుకు పడదు?

స్టైపెండు ఆలస్యమైతే ఏమైతదని తేలికగా అనొద్దు. 2016 జనవరి 17న మన రోహిత్ వేముల పోయిండు. సెంట్రల్ యూనివర్సిటీల తనకు ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు రావాలని, అది ఇంట్లోళ్లకు అందేటట్టు చూడమని చివరి ఉత్తరంలో రాసి పోయిండు. ఫెలోషిప్ డబ్బులు మన పిల్లలకు జేబుఖర్చు కాదు. ఇంటికి పంపే పైసలు అవి.

అందుకని బస్తీ కమిటీలు, హాస్టల్ పిల్లలు ఎవరన్నా సంస్థ వస్తే ముందు కాయితం అడగండి. నెలకెంత, ఎన్నో తారీఖు? కేటరింగు కూలికన్నా తక్కువైతే పనికిరాదు. పరీక్షల నెలలో పని ఆపినా డబ్బులు ఆపొద్దు. 2023 డిసెంబరు నుండి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది కదా అని వాళ్ల స్టైపెండులో దారిఖర్చు కోసుకోనియ్యొద్దు, ఆటోలు ఫ్రీ కాలేదు. ఎంపికలో బస్తీ మనిషి కూర్చోవాలె. సర్వే కాయితాల నకలు ఒకటి బస్తీలనే ఉండాలె.

ఎల్బీనగర్, సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ దిక్కు ఏ సంస్థ ఎంత ఇస్తున్నదో, ఎన్ని నెలల బాకీ ఉందో రాసి పంపండి. పిల్లల పేర్లు బయటపెట్టం. లెక్క సరిచూసుకొని, సంస్థల పేర్లు మాత్రం వచ్చే సంచికల అచ్చేస్తం.