అమ్మకు ఏ ఫోన్ కావాలో అమ్మనడిగామా?

మా పెద్దమ్మ మా అమ్మతో నెల రోజులు మాట్లాడలేదు. "మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ కట్ చేసింది. అక్కంటే అంత లోకువైపోయిందా దానికి?" అని ఏలూరులో కనిపించిన వాళ్లందరితోనూ చెప్పుకుని బాధపడిందట. ఆ మాట ఆనోటా ఈనోటా నాదాకా వచ్చేసరికి నెల గడిచిపోయింది.

అమ్మ కావాలని కట్ చేయలేదు. ఫోన్ మోగగానే కంగారుగా పచ్చ గుర్తు మీద వేలు పెట్టి నొక్కింది. ఆ ఫోన్‌లో నొక్కితే చాలదు, వేలితో జరపాలి. జరపబోతే వేలు కాస్తా ఎర్ర గుర్తు మీదికి పోయింది. డెబ్బయ్యేళ్ల వేలండీ అది! వయసు మీద పడ్డాక వేళ్ల చర్మం పొడిబారుతుంది. అలాంటి వేలిని ఈ తెరలు ఒక్కోసారి గుర్తించవు. అమ్మ మాత్రం తప్పంతా తనదే అనుకుంది. "నాకేం తెలుసే, చదువురాని దాన్ని" అంది. ఆ రోజుల్లోనే పదో తరగతి పాసైన మనిషి! "ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు?" అని విసుక్కున్నది నేనే, ఒప్పుకుంటున్నాను. ఆ తర్వాత ఫోన్ మోగినా ముట్టుకోవడం మానేసింది.

ఆ ఫోన్ కొనిచ్చింది మేమే. అన్నయ్యేమో అమెరికా నుంచి అమ్మను వీడియోలో చూడాలన్నాడు. పిల్లల ఫొటోలు పంపాలని నా సరదా. అమ్మకేం కావాలో ఇద్దరం అడగలేదు. మొన్న అడిగితే చెప్పింది. అక్కతో మాట్లాడాలి, నాన్నగారి పింఛను పడిందో లేదో మెసేజ్ చూసుకోవాలి, రాత్రి కరెంటు పోతే టార్చి వెలగాలి. అంతే.

సరే, బటన్ల ఫోన్ కొందామని బజారుకు వెళ్లాను. "ఎవరికండీ, పనిమనిషికా?" అన్నాడు షాపు కుర్రాడు. బటన్ల ఫోనంటే డబ్బు లేనివాళ్లకే అని వాళ్ల లెక్క. చూపు తగ్గినవాళ్లూ, చేయి వణికేవాళ్లూ డబ్బుండి కూడా అదే కోరుకోవచ్చని ఎవరికీ తట్టదు. చౌకదొకటి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి సిమ్ వేస్తే సిగ్నలే లేదు! అది 2జీ ఫోన్. అమ్మ సిమ్ ఉన్న నెట్‌వర్కులో 2జీ లేనే లేదట. మళ్లీ వెళ్లి 4జీ బటన్ల ఫోన్ తెచ్చాను. కాబట్టి వదినలూ, చెల్లెళ్లూ, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. వాళ్ల సిమ్ వేయించి, వాళ్ల చేతే ఓ కాల్ చేయించి, మాట స్పష్టంగా వినబడ్డాకే డబ్బివ్వండి. అంకెలు కళ్లజోడు లేకుండా కనబడుతున్నాయా, చార్జరు పిన్ను తమంతట తాము పెట్టుకోగలరా అన్నదీ అక్కడే చూసుకోండి. ఇంకోటి. 2017 జనవరి నుంచి మన దేశంలో అమ్మే బటన్ల ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఒంటరిగా ఉండేవాళ్లకు అది ప్రాణాధారం. ఏ అంకో షాపులోనే అడిగి తెలుసుకోండి.

రీచార్జి సంగతీ చెప్పాలి. నెట్ వాడని మనిషి నెట్‌కు డబ్బెందుకు కట్టాలి? మాటలకూ మెసేజ్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్యాక్‌లు విడిగా ఉంచాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. మా వీధి షాపులో నేను గట్టిగా అడిగేదాకా ఆ మాటే ఎత్తలేదు.

అలాగని పెద్దవాళ్లందరికీ బటన్ల ఫోనే ఇమ్మని కాదు. మా పక్కింటి పిన్నిగారు పొద్దస్తమానం యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటారు. అది లాక్కుంటే ఊరుకుంటారా? అలాంటివాళ్లకు అక్షరాలు పెద్దవి చేసి, భాష తెలుగులోకి మార్చి, అక్కర్లేని బొమ్మలన్నీ తెర మీద నుంచి తీసేస్తే చాలు. ఒక్క పూట పని. ఆ ఓపికే మనకు ఉండటం లేదు.

కొత్త ఫోన్‌లో 2 నొక్కి పట్టుకుంటే పెద్దమ్మకు వెళ్లేలా పెట్టాను. అమ్మ మొదటి కాల్ తనే చేసుకుంది. కాసేపు నిష్ఠూరాలు, కాసేపు కళ్లనీళ్లు, గంటసేపు మాట్లాడుకున్నారు. చివర్లో పెద్దమ్మ అందట, "నాకూ అలాంటిదే ఒకటి చూడమనవే మీ అమ్మాయిని. మావాడు కొనిచ్చిన దాంట్లో నాకు ఎత్తడం రావట్లేదు."